ఒళ్ళు పట్టే విద్యకు బడి ఏది?

ఖమ్మం జిల్లా వేంసూరులో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి నర్సు కావాలనుకుంటే దారి చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. మర్దన నేర్చుకుని అదే బతుకుతెరువు చేసుకుంటానంటే మాత్రం తలా ఒక దిక్కు చూపిస్తారు. ఒకరు హైదరాబాదు స్పాల పేరు చెబుతారు. ఒకరు ప్రకృతి చికిత్సాలయంలో చేరమంటారు. ఇంకొకరు కేరళ పొమ్మంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు అసలా మాటే ఎత్తొద్దంటారు. ఆ పనితో అక్కడ అవసరం లేక కాదు. గెడకత్తి పైకెత్తి పామాయిల్ గెలలు కోసే కూలీలకు సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నాట్లలో వంగిన నడుములు రాత్రికి సాగవు. పక్కనే సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల్లో భారీ బండ్లు నడిపేవాళ్ళ వెన్నులు కుదుపులకు అరుగుతుంటాయి. ఒళ్ళు పట్టే చెయ్యి కోసం ఇంతమంది ఎదురుచూసే చోట, ఆ చేతికి చదువు ఎక్కడ దొరుకుతుందో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు కనబడరు.

మర్దనకు శిక్షణ ఎవరివ్వాలి, ఎన్నాళ్ళివ్వాలి, ఎవరి పత్రం చెల్లుతుంది అన్న చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఆధునిక వైద్యం, ఆయుష్, నైపుణ్య శిక్షణ సంస్థలు, పోలీసులు, కోర్టులు, కులవృత్తి సంఘాలు అందరూ ఇందులో ఉన్నారు. విడదీసి చూస్తే లోపల మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. చెయ్యి తిరగడం ఎలా? చెయ్యి ఎప్పుడు ఆపాలి? ఆ పనిచేసే మనిషి పరువు ఎవరు కాపాడాలి? ఒక్కో పక్షం వీటిలో ఒకదానికి జవాబు చెప్పి మూడూ తేలిపోయాయనుకుంటోంది.

ఇంటి విద్యగా ఉన్న కాలం

శాస్త్రంలో మర్దన స్థానం పాతది. చరకసంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయం, వాగ్భటుడి అష్టాంగహృదయం రెండో అధ్యాయం అభ్యంగనాన్ని దినచర్యలో చేర్చాయి. తలకు, చెవులకు, పాదాలకు నూనె ప్రత్యేకంగా రాయాలన్న వాగ్భటుడే, అజీర్ణం ఉన్నవాళ్ళకు, కఫం ముదిరినవాళ్ళకు, వమన విరేచనాల వంటి శోధన అయినవాళ్ళకు వద్దని కూడా రాశాడు. ఎవరికి చేయకూడదన్న జాబితా అప్పటికే చదువులో భాగం.

ఊళ్ళో ఆ విద్య పుస్తకం నుంచి నడవలేదు. నాయీబ్రాహ్మణులకు క్షవరంతోపాటు తలంటు, మర్దన, చిన్నపాటి వైద్యం, సన్నాయి మేళం అన్నీ ఒకే వృత్తిలో భాగాలు. తాలింఖానాల్లో వస్తాదుల దగ్గర పిల్లలు ఒళ్ళు పట్టడం నేర్చుకునేవాళ్ళు. బెణుకు దిద్దేవాళ్ళు, కట్లు కట్టేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కోయ గూడేల్లో నొప్పులకు ఇప్ప నూనె కాచి రాయడం ఉంది. అన్నిటికంటే లోతైన పాఠశాల మంత్రసానిది. కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చేతులూ కాళ్ళూ వంచి సాగదీసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసే పనిలో ఎంత బలం పెట్టాలో ఆమె ఎక్కడా రాసుకోలేదు. కోడలో కూతురో పక్కన కూర్చుని, చూసి పట్టుకునేది.

ఈ పాఠశాలకు రెండు లోపాలున్నాయి. ఆ కులంలో పుట్టనివాళ్ళకు అందులో ప్రవేశం లేదు, పుట్టినవాళ్ళకు బయటపడే దారి లేదు. పనికి ధాన్యమో చీరో ముట్టేది గానీ గౌరవం ముట్టేది కాదు. రెండోది, తప్పు జరిగితే ఆ తప్పు నుంచి తర్వాతి తరం నేర్చుకునే ఏర్పాటు లేదు.

ఇప్పుడు మంత్రసాని చేతి పనిలో సగం పోయింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అది కోరుకోవలసిన మార్పే. మిగిలిన సగం, అంటే బాలింతకు, బిడ్డకు చేసే నూనె పని, ఆసుపత్రి తీసుకోలేదు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డకు నూనె సీసా ఉండేది. ఆ నూనె రాసే చేతికి శిక్షణ ఇవ్వాలని మాత్రం ఏ పథకమూ అనుకోలేదు.

1894: లండన్, తెలుగునాడు

ఈ చర్చ చరిత్రలో 1894 ఒక మలుపు. ఆ ఏడాది జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వేంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ఆధునిక ప్రకృతి వైద్య ఉద్యమానికి ఆ తెలుగు అనువాదాన్నే తొలి అడుగుగా చెబుతారు. కూనే ఎక్కువగా నమ్ముకున్నది నీటి చికిత్సలనే. అయినా ఆ దారిలో తర్వాత పుట్టిన చికిత్సాలయాల్లో మర్దన రోజువారీ చికిత్సగా స్థిరపడింది. తెలుగునాట భీమవరం, హైదరాబాదు, తర్వాత విజయవాడ ఆ దారికి కేంద్రాలయ్యాయి. ఇక్కడి పాత మర్దన మొదటిసారిగా కులం నుంచి బయటికి వచ్చి, తెల్లబట్టలు కట్టి, ఆసుపత్రి గదిలో మంచం పక్కన నిలబడింది.

అదే 1894లో లండన్‌లో మసాజ్ పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని వైద్య పత్రికలో పెద్ద దుమారం లేచింది. నర్సులు, మంత్రసానులుగా శిక్షణ పొందిన నలుగురు స్త్రీలు ఆ నింద నుంచి తమ పనిని కాపాడుకోవడానికి సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మసూజెస్ స్థాపించారు. వాళ్ళు పెట్టుకున్న నియమాలు కఠినమైనవి. డాక్టరు చెప్పనిదే మర్దన చేయకూడదు. మగవాళ్ళకు సాధారణ మర్దన చేయకూడదు, డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు. ఆ సంఘానికి 1920లో రాచ ముద్ర వచ్చింది. 1944లో అది చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా పేరు మార్చుకుంది. ఈరోజు హైదరాబాదు నిమ్స్‌లో చదివే ఫిజియోథెరపీ విద్యార్థి వంశవృక్షం పైకి వెతుక్కుంటూ పోతే ఆ మర్దన చేసే నర్సుల దగ్గరికే చేరుతుంది.

ఆ గౌరవానికి ఒక వెల ఉంది. పేరులోంచి మర్దన పోయింది. కాలక్రమంలో పనిలోంచీ చాలావరకు పోయింది. వ్యాయామం, యంత్రాలు, కదలికల పరీక్ష ముందుకొచ్చాయి. చేత్తో ఒళ్ళు పట్టే పని మళ్ళీ పేరు లేని, బడి లేని పనిగా కింద మిగిలింది. ఇప్పటి మన చిక్కుకు మొదలు అక్కడే ఉందని నేననుకుంటాను.

నాలుగు పక్షాలు

మొదటి పక్షం ఆధునిక వైద్యానిది. కండరం, నరం, కీలు తెలియని చెయ్యి రోగి మీద పడకూడదని దాని వాదం. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. అదే చట్టం ఆరోగ్య సంరక్షణ వృత్తికి 3,600 గంటలు పెట్టింది. ఫిజియోథెరపీకి ఆ చట్టంలో ఘనమైన చోటు దొరికింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 వృత్తుల వర్గీకరణలో మసాజ్ థెరపిస్టును ఫిజియోథెరపీ టెక్నీషియన్ల వరుసలోనే చూపించారు. మన దగ్గర ఆచరణలో ఆ వరుస పాటించడం లేదు.

రెండో పక్షం ఆయుష్‌ది. ఆయుర్వేదంలో బీఏఎంఎస్, ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ రెండూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. హైదరాబాదులోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో బీఎన్‌వైఎస్ ఉంది. ఎర్రగడ్డలోను, వరంగల్‌లోను ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలున్నాయి. అయితే పంచకర్మ గదిలో నూనె పట్టేది సాధారణంగా డాక్టరు కాదు, సహాయకులు. ఆ సహాయకుల చదువు గురించి కేరళ మనకంటే ముందే ఆలోచించింది. అక్కడి ఆయుర్వేద వైద్యవిద్యా శాఖ పదో తరగతి పాసైనవాళ్ళకు ఏడాది పాటు ఆయుర్వేద థెరపిస్టు కోర్సు నడుపుతుంది. మన దగ్గర చాలాచోట్ల ఆ చదువు పనిలో చేరాక పాతవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవడంతో సరి. డాక్టరుకు అయిదున్నరేళ్ళు, రోగిని గంటసేపు తాకే మనిషికి కొద్ది వారాలు: ఆయుష్ పక్షం జవాబు చెప్పవలసిన తేడా ఇది.

మూడో పక్షం ఉపాధిది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ రంగ నైపుణ్య మండలి స్పా థెరపిస్టు, సహాయ స్పా థెరపిస్టు అనే ఉద్యోగాలకు ప్రమాణాలు రాసింది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో వచ్చాక ఇలాంటి కొద్ది నెలల కోర్సులకు ప్రభుత్వ డబ్బు అందింది. తొందరగా పని దొరకాలి, పేదింటి పిల్లలు ఏళ్ళ తరబడి చదవలేరు అన్నది ఈ పక్షం బలం. నేను దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. వేంసూరు కూలీ ఇంటి నుంచి వచ్చే పిల్లకు మూడునాలుగేళ్ళ చదువంటే తలుపు మూసేయడమే. కానీ మర్దనను జుట్టు కత్తిరింపు, ముఖ సౌందర్యం పక్కన పెట్టడంవల్ల ఆ కోర్సుల్లో అతిథి మర్యాద, గది అలంకరణ, నూనెల సువాసన ముందుకొస్తాయి. జబ్బు పడిన ఒంటిని గుర్తుపట్టే పాఠం వెనక్కిపోతుంది.

నాలుగో పక్షం సంప్రదాయాన్ని గుర్తించమంటుంది. చేసినవాడికి మళ్ళీ నేర్పడం ఎందుకు, పరీక్షించి పత్రం ఇవ్వండి అని అడుగుతుంది. కౌశల్ పథకంలోనే పాత అనుభవాన్ని గుర్తించే ఏర్పాటుంది. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్వచ్ఛంద పథకం కింద నాటువైద్యులను, కట్లు కట్టేవాళ్ళను, మంత్రసానులను పరీక్షించి ధ్రువీకరిస్తారు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ 18 చేతివృత్తుల్లో నాయీ వృత్తినీ చేర్చింది. దాని ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు, పై స్థాయి శిక్షణ పదిహేను రోజులు. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే అంతరం ఎంతుందో తెలుస్తుంది. ఒక కొసన ఏడు రోజులు, మరో కొసన 2,000 గంటలు. బయటి దేశాలు చూసినా ఒక్క మాట లేదు. అమెరికాలో టెక్సస్ 500 గంటలు చాలంటుంది, న్యూయార్క్ 1,000 గంటలు కావాలంటుంది. కెనడాలో ఒంటారియో 1919 నుంచే మర్దనకారులను చట్టం కిందికి తెచ్చింది. జపాన్‌లో పదిహేడో శతాబ్దపు అంధ వైద్యుడు సుగియామా వాయిచీ చూపులేనివాళ్ళకు బడులు పెట్టాడు. మర్దన అక్కడ అంధులకు తరాల తరబడి గౌరవమైన జీవనోపాధి అయింది. ఇప్పుడక్కడ చట్టం ప్రకారం కనీసం మూడేళ్ళ చదువు, జాతీయ పరీక్ష ఉన్నాయి. చూపులేని పిల్లల కోసం మన రాష్ట్రాల్లో ఈ దారి గురించి ఆలోచించవలసినంత ఆలోచించలేదు. ఈ చర్చలో అత్యంత అన్యాయంగా వదిలేసిన మూల ఇది.

చెయ్యి ఆపడం తెలియాలి

గంటల లెక్క మీద ఎంత వాదించినా తేలదు. ఆ గంటల్లో ఏం నేర్పుతారన్నదే నా దృష్టిలో అసలు విషయం. దీనికి రెండు సాక్ష్యాలు చూడాలి: మేలుకు ఒకటి, కీడుకు ఒకటి.

మేలు విషయంలో శాస్త్రం జాగ్రత్తగా మాట్లాడుతోంది. నడుం నొప్పికి మర్దన మీద 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 25 పరీక్షలను, 3,096 మందిని లెక్కలోకి తీసుకుంది. కొద్దికాలం ఉపశమనం కనిపించింది గానీ రుజువు బలహీనమైనదని తేల్చింది. నెల తక్కువ బిడ్డల విషయంలో కథ మరికాస్త ఆశాజనకం. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం మర్దన పొందిన నెల తక్కువ బిడ్డలు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని చూపించింది. 2005లో బంగ్లాదేశ్ ఆసుపత్రిలో చేసిన పరీక్షలో నెల తక్కువ బిడ్డల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. అక్కడ పని చేసింది చేతి బలం కంటే చర్మానికి నూనె ఇచ్చిన కాపు. ఏ నూనె, ఎంత ఒత్తిడి, ఎన్నో రోజున మొదలు అన్న ప్రశ్నలు మంత్రసాని చాప మీద నుంచి పరిశోధనాలయానికి చేరాయన్నమాట.

కీడు అరుదు. వచ్చినప్పుడు పెద్దది. ఢిల్లీలో కాలికి కట్టు విప్పాక వాపూ నొప్పీ తగ్గని 23 ఏళ్ళ యువకుడికి తల్లి నూనె రాసి కాలు పట్టింది. లోపల సిరలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసింది. 2017లో ఆ కేసును వైద్య పత్రికలో ప్రచురించారు. తల్లి ప్రేమలో లోపం లేదు. ఒక కాలే వాచిందా, వేడిగా ఉందా, పిక్క నొక్కితే నొప్పా అని చూసి ఆగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2022లో హైదరాబాదులో సెలూన్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చిన 50 ఏళ్ళ మహిళకు పక్షవాతం వచ్చింది. క్షవరశాలల్లో మెడ విరిచే అలవాటు వల్ల నరాలు దెబ్బతిన్న కేసులూ ప్రచురితమయ్యాయి. మెడలోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం చిరగడానికి ఒక్క విరుపు చాలు.

ఆపడం నేర్పే పాఠం పొడవైనది కాదు. ఒంటికాలి వాపు, జ్వరం, కొత్త గాయం, విరిగిన ఎముక అనుమానం, చర్మం మీద పుండు, స్పర్శ తెలియని మధుమేహం పాదం, రక్తాన్ని పలచబరిచే మందులు, గర్భం మొదటి నెలలు, మెడ విరవడం అసలే వద్దన్న కట్టుబాటు. ఇవి గుర్తుపట్టి ఆసుపత్రికి పంపడం వస్తే సగం ప్రమాదం తప్పుతుంది. వాగ్భటుడి జాబితాకు ఇది కొనసాగింపే. నాలుగు పక్షాలూ కూర్చుని ఒప్పుకోగల ఒక్క పాఠ్యాంశం ఇదే. ఒక్కచోట కూడా దాన్ని తప్పనిసరి ఉమ్మడి పరీక్షగా పెట్టలేదు.

పరువు, పోలీసు, కోర్టు

మూడో ప్రశ్న ఎక్కువ మందిని బాధపెడుతోంది. తెలుగు పత్రికల్లో మసాజ్ అన్న మాట ఆరోగ్య పేజీలో కంటే నేరవార్తల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఆడామగా ఒకరికొకరు చేసే 'క్రాస్ మసాజ్' అన్న మాట ఆ వార్తల నుంచే జనం నోట్లోకి వచ్చింది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం ఆడవాళ్ళు మగవాళ్ళకు, మగవాళ్ళు ఆడవాళ్ళకు మర్దన చేయకూడదన్న మార్గదర్శకాలు తెచ్చింది. ఆ ఏడాది చివర ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధం అమలును ఆపింది. అదే కాలంలో మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి స్పాల్లో సీసీ కెమెరాలు పెట్టాలన్నారు. కొద్దివారాల్లోనే అదే కోర్టులో మరో న్యాయమూర్తి అది వ్యక్తి గోప్యతకు భంగమని తేల్చారు. 1894 లండన్ నియమాలకు, 2021 ఢిల్లీ మార్గదర్శకాలకు మధ్య 127 ఏళ్ళు గడిచాయి. భయం మాత్రం మారలేదు. లండన్‌లో ఆ నియమాలను పనిచేసే స్త్రీలే తమకోసం రాసుకున్నారు. ఢిల్లీలో ప్రభుత్వం పైనుంచి రాసింది. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

శిక్షణలో గౌరవానికి సంబంధించిన పాఠాలు సాధారణంగా మర్యాద పేరిట నడుస్తాయి: ఎలా నవ్వాలి, ఎలా పలకరించాలి. అమ్మాయికి కావలసిన పాఠం వేరు. తలుపు ఎటు తెరిచి ఉండాలి, దుప్పటి ఎలా కప్పాలి, అసభ్యంగా ప్రవర్తించిన మనిషిని ఎలా ఆపి గది నుంచి బయటికి రావాలి, యజమాని ఒత్తిడి చేస్తే ఎవరికి చెప్పాలి, పోలీసు దాడి జరిగితే పనిచేసేవాళ్ళను నిందితులుగా చూడకుండా చట్టం ఎంతవరకు కాపాడుతుంది. పల్లె నుంచి పట్నానికి వెళ్ళే పిల్లలకు ఈ పాఠం లేకుండా సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ళను వదిలేయడమే.

వేంసూరు నుంచి చూస్తే తేలనివి

దూరం మొదటి సమస్య. హైదరాబాదులో హాస్టలు, ఆ నెలల్లో పోయే కూలి కలిపితే ఉచిత కోర్సు కూడా ఉచితం కాదు. భద్రాచలం, సత్తుపల్లి ప్రాంతాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల ఫిజియోథెరపీ విభాగాలకు అనుబంధంగా చిన్న శిక్షణ నడిపితే, దగ్గరలోనే డాక్టరు పర్యవేక్షణ, నేర్చుకునే చేతులకు నిజమైన రోగులు రెండూ దొరుకుతాయి. దీన్ని ఆరోగ్య శాఖ ఒప్పుకోవాలా, నైపుణ్య శాఖ డబ్బివ్వాలా, గిరిజన సంక్షేమ శాఖ పిల్లలను పంపాలా అన్నది ఎవరి ఫైలులో లేదు.

భాష రెండో సమస్య. కండరాల పేర్లు ఇంగ్లీషులో, తైలాల పేర్లు సంస్కృతంలో, పాఠం చెప్పేది తెలుగులో, గూడెంలో ముసలమ్మ మాట్లాడేది కోయలో. పిక్క, జబ్బ, డొక్క, వెన్నుపూస, కీలు, నరం లాంటి మాటలతోనే శరీర నిర్మాణం చెప్పవచ్చు. 'నరం' అన్న ఒక్క మాటకే జనం వాడుకలో నాడి, కండర తంతువు, రక్తనాళం మూడూ వస్తాయని గుర్తుంచుకుని ఆ మూడింటినీ విడదీసి చూపించే బొమ్మల పుస్తకం ముందు రావాలి.

మూడోది పరీక్ష. ముప్ఫై ఏళ్ళు బిడ్డలకు నీళ్ళు పోసిన మంత్రసానిని ఎవరు పరీక్షించాలి? చదువుకున్న యువ పరీక్షకుడు ఆమె ముందు కూర్చున్నప్పుడు, ఆమె చేతి ఒత్తిడిలో ఉన్న విద్యను కొలిచే కొలబద్ద అతని దగ్గర లేదు. ఒంటికాలి వాపు గురించి అతనికి తెలిసింది ఆమెకు తెలియదు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేలా గదిని ఏర్పాటు చేయడం ఎలా, ఆ రోజులకు ఆమెకు ఇచ్చే వేతనం ఏ పద్దు కింద రాయాలి అన్నది ఏ పథకమూ ఇంకా రాయలేదు.